ఎత్తు, వేయు, అప్

సభకు నమస్కారం.

క్రియ వెనక అప్, ఆన్, ఆఫ్ వంటి చిన్న మాట చేరి కొత్త అర్థమిచ్చే ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బ్స్ గురించి మాట్లాడమని అడగగానే నాకు గుర్తుకు వచ్చింది ఒక టెలిఫోన్ సంభాషణ. చదువు ముగిసిన కొత్తలో ఉద్యోగం కోసం ఒక కార్యాలయానికి ఫోన్ చేశాను. అవతల మాట్లాడుతున్నావిడ నా పేరు అడిగి, నా కాగితాలు వెతకడానికి కాబోలు, ‘హ్యాంగ్ ఆన్’ అన్నారు. హ్యాంగ్ అనే క్రియ నాకు తెలుసు. ఫోన్ విషయంలో హ్యాంగ్ అంటే పెట్టేయడమని కూడా ఎక్కడో చదివి ఉన్నాను. అందుచేత ఎంతో వినయంగా ‘థ్యాంక్యూ మేడమ్’ అని చెప్పి ఫోన్ పెట్టేశాను. మళ్లీ చేయడానికి మొహం చెల్లలేదు. ఆ ఉద్యోగం సంగతి అంతటితో సరి.

నేను చదివింది ‘హ్యాంగ్ అప్’, ఆవిడ అన్నది ‘హ్యాంగ్ ఆన్’. పాతకాలపు ఫోన్లలో మాట్లాడడం అయిపోగానే రిసీవరును గోడమీది పెట్టెకు ఉన్న కొక్కేనికి తగిలించేవారు కాబట్టి ఫోన్ పెట్టేయడానికి ‘హ్యాంగ్ అప్’ అనే మాట స్థిరపడింది. ‘హ్యాంగ్ ఆన్’లోని ‘ఆన్’ వేరు: గో ఆన్, క్యారీ ఆన్, కీప్ ఆన్, రీడ్ ఆన్ అన్నప్పుడు వినిపించే ‘ఆన్’ అది, సాగుతున్న పనిని సాగనివ్వమని చెప్పే ‘ఆన్’. అంటే ఆవిడ నన్ను లైన్లోనే ఉండమన్నారు. రెండు మాటల్లోనూ క్రియ ఒకటే. తేడా అంతా వెనక వచ్చిన రెండక్షరాల్లో ఉంది, నేను పట్టించుకోనిది సరిగ్గా ఆ రెండక్షరాలనే.

నేనొక్కడినే కాదు, మనలో చాలామందికి ఈ పాఠం క్రియల వరుసలోనే చెప్పారు. ‘గివ్’ అని పైన రాసి, దాని కింద గివ్ అప్, గివ్ ఇన్, గివ్ అవే, గివ్ ఔట్, గివ్ ఆఫ్ అని వరుసగా రాయించి, ఎదురుగా అర్థాలు వేయించి, మర్నాటికి అప్పజెప్పమంటారు. ఆ రాత్రికి అన్నీ వచ్చినట్టే ఉంటాయి. వారం తిరిగేసరికి ఏ అర్థం దేనిదో కలగాపులగమై, పువ్వు వాసనను ‘గివ్ అప్’ చేసిందని రాసే పరిస్థితి వస్తుంది. ఇందులో విద్యార్థి తప్పు లేదు. ‘గివ్’ అనే మాటను ఎంత తరచి చూసినా, వెనక ‘అప్’ వస్తే వదులుకోవడమనీ ‘ఆఫ్’ వస్తే వెదజల్లడమనీ అందులో ఎక్కడా కనిపించదు. అదే ‘ఆఫ్’ వైపు నుంచి చూడండి: టేక్ ఆఫ్, కమ్ ఆఫ్, ఫాల్ ఆఫ్, గివ్ ఆఫ్ అన్నింట్లోనూ ఒక వస్తువు మీద నుంచి మరొకటి విడివడడం ఉంది. కనుక వరుసలను తిరగరాయాలి, క్రియ కింద అప్, ఆఫ్ వంటి ఈ చిన్న మాటలను, అంటే అవ్యయాలను, పేర్చడం మాని అవ్యయం కింద క్రియలను పేర్చాలి. అన్ని అవ్యయాలకూ ఈ గంట చాలదు కాబట్టి ఈ రోజుకు ‘అప్’ ఒక్కదాన్నే తీసుకుంటాను. ‘ఔట్’తో పాటు అందరికంటె ఎక్కువగా తిరిగే మాట అదే, మనకు అన్నిటికంటె దగ్గర చుట్టం కూడా అదేనని నా నమ్మకం.

ఈ ఇబ్బంది నిన్నమొన్నటిది కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లీషు నిఘంటువు వెలువరించినప్పుడు, క్రియ వెనక చిన్న అవ్యయం చేరి అర్థాన్ని మార్చేసే ఈ పద్ధతిని పీఠికలో ప్రత్యేకంగా ప్రస్తావించి, విదేశీయులకు అన్నిటికంటె ఎక్కువ కష్టం కలిగించేది ఇదేనని రాశాడు. ఉదాహరణలుగా ఫాల్ ఆన్, ఫాల్ ఆఫ్, సెట్ ఔట్, టేక్ ఆఫ్ వంటివి ఇచ్చాడు. ‘టేక్ ఆఫ్’కు ఆయన చెప్పిన అర్థం అనుకరించడం, విమానం ఎగరడం గురించి రాయడానికి ఆయన కాలానికి విమానం లేదు. అప్పటికి ఈ క్రియలకు ఫ్రేజల్ వెర్బ్ అనే పేరూ లేదు. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత ఈ పేరును వాడుతూ, దీన్ని తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ అని చెప్పాడు. అంటే వాడుక వయసు వందల ఏళ్లు, పేరు వయసు నిండా వందేళ్లు.

వీటి సంఖ్య చూసి భయపడేవారికి ఊరట కలిగించే సంగతి ఒకటి ఉంది. పది కోట్ల మాటలున్న బ్రిటిష్ నేషనల్ కార్పస్ అనే పాఠ్య భాండారాన్ని డీ గార్డనర్, మార్క్ డేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు జల్లెడ పట్టి, 2007లో తమ ఫలితాలు ప్రకటించారు. కేవలం 20 క్రియలు 8 అవ్యయాలతో కలిసి ఏర్పరిచే జంటలే, ఆ భాండారంలో కనిపించే ఫ్రేజల్ వెర్బ్ ప్రయోగాల్లో సగానికి పైగా ఆక్రమిస్తున్నాయని వారు లెక్క తేల్చారు. గో ఆన్, క్యారీ ఔట్, సెట్ అప్, పిక్ అప్ ఆ వరుసలో ముందుంటాయి. నిఘంటువులో వేలున్నా నోట్లో ఆడేవి తక్కువేనన్నమాట.

ఇక మన వైపు నుంచి మొదలుపెడదాం. సంస్కృత వ్యాకరణం కాస్త తగిలినవారికి ఈ శ్లోకం గుర్తుండే ఉంటుంది: ‘ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే, ప్రహారాహార సంహార విహార పరిహారవత్’. క్రియకు మూలమైన ధాతువుకు ముందు చేరే ప్ర, ఆ, సం వంటి ఉపసర్గ దాని అర్థాన్ని బలవంతంగా మరో చోటికి లాక్కుపోతుందట. ధాతువు ఒకటే అయినా ప్రహారం దెబ్బ, ఆహారం తిండి, సంహారం చావు, విహారం షికారు, పరిహారం నష్టానికి చెల్లింపు. గివ్ అప్, గివ్ ఇన్, గివ్ అవే అనే వరుస ఇంతకంటె విడ్డూరమైనదేమీ కాదు. ఆహార సంహారాలను ఏ కష్టమూ లేకుండా వాడుకుంటున్న మనం గివ్ అప్ దగ్గర తడబడనక్కర్లేదు.

ఆ ఉపసర్గల్లో ‘ఉత్’ అనేది ‘అప్’ చేసే పనులే చేస్తుంది. ఉత్థానం లేచి నిలవడం, ఉద్ధరణ పైకెత్తడం, ఉద్భవం పైకి వచ్చి కనబడడం. ఇంతవరకు దిక్కు స్పష్టంగానే ఉంది. కానీ ఉచ్ఛేదం అన్నప్పుడు ఛేదం ముందున్న ‘ఉత్’ పైకి ఎక్కడికీ పోదు, కోతను సమూలం చేస్తుంది. భగవద్గీత రెండో అధ్యాయంలో అర్జునుడు తన శోకం ఇంద్రియాలను ఎండగడుతోందని చెబుతూ వాడిన మాట ఉచ్ఛోషణం. శోషణమంటే ఎండడం, దానికి ముందు ‘ఉత్’. ఇంగ్లీషులో ‘డ్రై అప్’ అనేది సరిగ్గా ఇదే కూర్పు. పైకి అనే దిక్కు పూర్తిగా అనే అర్థంలోకి జారడం ఇంగ్లీషువాడి వెర్రితనమేమీ కాదనడానికి ఇంతకంటె ఏం కావాలి?

పాత ఇంగ్లీషు కూడా సంస్కృతంలాగే అవ్యయాలను క్రియకు ముందు తగిలించేది. ఫర్‌గెట్, ఫర్‌గివ్, ఫర్‌బిడ్ అనే మాటల్లో ముందున్న ‘ఫర్’ ఆ కాలపు మిగులు. అప్‌హోల్డ్, విత్‌స్టాండ్ కూడా ఆ పోలికవే. తరవాతి శతాబ్దాల్లో ఆ పూర్వప్రత్యయాలు బలహీనపడి, వాటి పనిని క్రియ వెనక వచ్చే అప్, ఔట్, ఆఫ్‌లు అందుకున్నాయి. ఇంగ్లండులోని ఒక మఠంలో రాసిన 12వ శతాబ్దపు పీటర్‌బరో చరిత్ర చివరి పుటల నాటికే ‘అప్’ ఈ కొత్త కొలువులో కనిపిస్తుంది. ఇంగ్లండులో స్థిరపడ్డ స్కాండినేవియన్ల భాష దీనికి దోహదం చేసిందని చాలామంది పండితులు భావిస్తారు. వారి పాత నార్సు భాషలో ‘గివ్ అప్’కు అచ్చంగా సరితూగే ‘గేవా ఉప్ప్’ ఉండేది. చరిత్రను ఇక్కడ ఆపుతాను, ఎందుకంటే మనకు అసలు సాయపడేది సంస్కృతం కంటే, నార్సు కంటే ఇంట్లో మాట్లాడే తెలుగు.

తెలుగులో ‘ఎత్తు’ అనే క్రియ చేసే పనులను ఒక్కసారి తలచుకోండి. కింద పడిన పుస్తకాన్ని ఎత్తుతాం, అది పిక్ అప్. ఫోన్ ఎత్తుతాం, అదీ పిక్ అప్. ‘ఇప్పుడు ఆ మాట ఎత్తకు’ అంటాం, అది డోంట్ బ్రింగ్ ఇట్ అప్. కొత్త సమస్య తలెత్తింది అంటే కేమ్ అప్, క్రాప్డ్ అప్. అన్యాయం మీద గొంతెత్తాడు అంటే స్పోక్ అప్. పాట ఎత్తుకున్నాడు అంటే స్ట్రక్ అప్ ఎ సాంగ్. దుకాణం ఎత్తేశాడు అంటే ప్యాక్డ్ అప్ అనో వౌండ్ అప్ అనో చెప్పాలి. ఇక అన్నిటికీ మకుటంలాంటిది గివ్ అప్: ‘ఇక నా వల్ల కాదని చేతులెత్తేశాడు’. ఒకరు ‘అప్’ అంటే ఇంకొకరు ‘ఎత్తు’ అన్నారు, అంతే తేడా. మాటకు తల లేదు, సమస్యకు కాళ్లు లేవు, అయినా కనబడకుండా కింద ఉన్నది కంటికి ఆనే ఎత్తుకు వచ్చిందనే ఊహ రెండు భాషలవారికీ ఒక్కలాగే తోచింది. షో అప్, టర్న్ అప్, లుక్ అప్, థింక్ అప్ అన్నీ ఈ ఊహ పిల్లలే. నిఘంటువులో మాట లుక్ అప్ చేయడమంటే పుటల అడుగున ఉన్నదాన్ని పైకి తీయడం, థింక్ అప్ అంటే లేని ఉపాయాన్ని ఆలోచనలోంచి పైకి లాగడం.

పెరుగుదలను సూచించే ‘అప్’ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ధరలు ఎక్కుతాయి, దిగుతాయి. వేడి, వేగం, గొంతు, ఉత్సాహం అన్నిటికీ మనమూ పైనే ఎక్కువ, కిందే తక్కువ. గో అప్, స్పీడ్ అప్, హీట్ అప్, చీర్ అప్ ఈ కోవలోవి. గ్రో అప్ అంటే ఎదగడం, బ్రింగ్ అప్ అంటే పెంచడం. కష్టపడి పైకి వచ్చాడని మనం అనే మాటలోనూ ఈ మెట్లే ఉన్నాయి. దీని పక్కనే, ఒకరి స్థాయికి చేరుకోవడాన్ని చెప్పే ‘అప్’ ఉంటుంది: క్యాచ్ అప్ అంటే వెనకబడ్డవాడు అందుకోవడం, కీప్ అప్ అంటే అందుకున్నవాడు వెనకబడకుండా ఉండడం.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వచ్చాం. ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్, టేర్ అప్, డ్రై అప్, బర్న్ అప్: వీటిలో పైకి పోయేది ఏదీ లేదు. తిండి కిందికే పోతుంది. ఇక్కడ విద్యార్థి ‘ఈట్ అన్నా తినడమే, ఈట్ అప్ అన్నా తినడమే, మరి అప్ దేనికి?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు ఇంగ్లీషులో జవాబు చెప్పబోతే చాలా మాటలు ఖర్చవుతాయి. తెలుగులో ఒక ఎదురు ప్రశ్న చాలు: పండు తిన్నాడు అనడానికీ పండు తినేశాడు అనడానికీ తేడా ఏమిటి? పాలు తాగు, పాలు తాగేయ్. కాగితం చించాడు, కాగితం చించేశాడు. మొదటి దాంట్లో పని జరిగింది, రెండో దాంట్లో పని తీరిపోయింది, వస్తువు మిగల్లేదు. ‘టోర్ ద లెటర్’ అంటే ఉత్తరం ఒక మూల చిరిగి ఉండవచ్చు. ‘టోర్ అప్ ద లెటర్’ అంటే ముక్కలే. ఆ ‘అప్’ మన ‘వేయు’. తినివేశాడు అనే మాటలోని ‘వేయు’ దేన్నీ ఎక్కడా వేయడం లేదు, అయినా మనకెవరికీ అది వింతగా తోచదు. తన సొంత అర్థాన్ని వదులుకొని, ముందున్న క్రియకు ముగింపు ముద్ర కొట్టడానికి అది కుదురుకుంది. ‘అప్’ కూడా అలాగే తన దిక్కును వదులుకొని ముద్ర కొట్టే పనిలో చేరింది.

ఇది నిజమేనా, నోటికొచ్చిన పోలికా అని అనుమానం ఉన్నవారు కాలాన్ని కలిపి చూడండి. ‘పది నిమిషాల పాటు తిన్నాడు’ అనవచ్చు. ‘పది నిమిషాల పాటు పండంతా తినేశాడు’ అంటే చెవికి కుదరదు, ‘పది నిమిషాల్లో తినేశాడు’ అనాలి. ఇంగ్లీషులోనూ ‘హీ ఏట్ ఫర్ టెన్ మినిట్స్’ నిలుస్తుంది, ‘హీ ఏట్ అప్ ది యాపిల్ ఫర్ టెన్ మినిట్స్’ నిలవదు, ‘ఇన్ టెన్ మినిట్స్’ అంటే మళ్లీ నిలుస్తుంది. ముగింపు ముద్ర పడ్డ పనికి ఎంతసేపు సాగిందనే కొలత పనికిరాదు, ఎంతలో ముగిసిందనే కొలతే పనికొస్తుంది. రెండు భాషలూ ఒకే చోట అడ్డం తిరిగాయి.

కర్త చేసే పనికి మనం ‘వేయు’ను వాడినట్టే, తనంత తాను జరిగేదానికి ‘పోవు’ను వాడుతాం, ఇంగ్లీషు రెండింటికీ ‘అప్’నే సరిపెడుతుంది. ఏరు ఎండిపోయింది, ద రివర్ డ్రైడ్ అప్. కాగితాలు కాలిపోయాయి, ద పేపర్స్ బర్న్డ్ అప్. ఇక్కడే ఒక చక్కటి తేడా కూడా గమనించండి. తీగమీది బట్టలు ఎండినప్పుడు మామూలుగా ‘ద క్లోత్స్ డ్రైడ్’ అంటారు, వెనక ‘అప్’ రాదు. మనమూ బట్టలు ఆరాయనే అంటాం, ఏటి సంగతి చెప్పేటప్పుడే ‘ఎండిపోయింది’ అంటాం. ఏటికి నీరే ప్రాణం కాబట్టి అది ఎండితే ఏరే లేకుండా పోతుంది. బట్టలు ఆరితే బట్టలకు వచ్చిన లోటేమీ లేదు.

అయితే ఈ తాళం చెవి అన్ని తాళాలకూ పడుతుందని నేను చెప్పడం లేదు. చచ్చిపోయాడు అన్నాం కదా అని ‘డైడ్ అప్’ అనకూడదు, వచ్చేశాడు అన్నాం కదా అని ‘కేమ్ అప్’ అనకూడదు. ‘వేయు’, ‘పోవు’ తెలుగులో దాదాపు ప్రతి క్రియకూ తగులుతాయి. ‘అప్’ అంత ఉదారంగా తగలదు. ముగింపు ముద్ర కొట్టే హక్కు ఇంగ్లీషులో ఔట్, డౌన్, ఆఫ్‌లకు కూడా ఉంది. ఇల్లు కాలితే ‘బర్న్డ్ డౌన్’ అంటారు, నిలబడి ఉన్నది నేలకు చేరుతుంది కనుక. కాబట్టి ఇంగ్లీషు చదివేటప్పుడు ‘అప్’ ఎదురైతే మనసులో ‘ఏశాడు’ను పెట్టి చూడండి, చాలాసార్లు అతుకుతుంది, ఇంగ్లీషు రాసేటప్పుడు మాత్రం తెలుగు ‘ఏశాడు’ను చూసి ‘అప్’ తగిలించకండి. వెళ్లే దారిలో దొరికిన సాయం తిరిగి వచ్చే దారిలో దొరకదు.

మూయడం, కట్టడం, పోగుచేయడం సూచించే అప్‌లు కొన్ని ఉన్నాయి: లాక్ అప్, టై అప్, ర్యాప్ అప్, సేవ్ అప్, యాడ్ అప్. మూటకట్టేశాడు, కూడబెట్టాడు, పోగేశాడు అనే మన మాటలు పక్కన పెట్టుకుంటే వీటికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

అన్నిటికంటె ఎక్కువగా తికమక పెట్టే మేక్ అప్ దగ్గర కొంచెం ఆగుదాం. నిఘంటువు దీనికి అరడజను అర్థాలిస్తుంది. ముఖానికి రంగు పూసుకోవడం ఒకటి, లేనిపోని కథ చెప్పడం ఒకటి, తగవు పడ్డవారు రాజీపడడం ఒకటి, పోయిన సమయాన్ని పూడ్చుకోవడం ఒకటి, ఏదో ఒక నిర్ణయానికి రావడం ఇంకొకటి. ఇవి ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపిస్తాయి. మేక్ అంటే చేయడం, అప్ అంటే పని తీరేదాకా అని పెట్టుకొని మళ్లీ చదవండి. ముఖాన్ని పూర్తిగా తీర్చిదిద్దడం మేకప్. ముక్క ముక్క చేర్చి కథను నిలబెట్టడం మేక్ అప్ ఎ స్టోరీ; మనం దాన్ని కట్టుకథ అంటాం, ఆ ‘కట్టు’లో ఉన్నది ఇదే పనితనం. తెగిన స్నేహాన్ని మళ్లీ అతికించడం మేక్ అప్ విత్ ఎ ఫ్రెండ్. పడిన గండిని నింపడం మేక్ అప్ ఫర్ లాస్ట్ టైమ్. అటూ ఇటూ ఊగుతున్న మనసును ఒక కొలిక్కి తేవడం మేక్ అప్ యువర్ మైండ్. అరడజను అర్థాలనుకున్నవి ఒక్క అర్థం ఇన్ని చోట్ల చేసిన కొలువు. దీన్ని విద్యార్థి తానుగా కనిపెట్టేదాకా వేచి ఉండడం ఉపాధ్యాయుడికి కష్టమే గాని, ముందే చెప్పేస్తే అది ఇంకో జాబితా అవుతుంది.

వ్యాకరణంలో చెప్పవలసింది ఒకటే ముఖ్యం. ‘హీ ర్యాన్ అప్ ఎ హిల్’, ‘హీ ర్యాన్ అప్ ఎ బిల్’ అనే రెండు వాక్యాలు చూడడానికి కవలల్లా ఉంటాయి. మొదటివాడు కొండ ఎక్కుతూ పరుగెత్తాడు, రెండోవాడు బాకీ పెంచుకున్నాడు. మొదటి వాక్యంలో ‘అప్’ కొండతో ఉంది. రెండో వాక్యంలో క్రియతో ఉంది. ఆ సంబంధం సర్వనామం పెట్టగానే బయటపడుతుంది: కొండ అయితే ‘ర్యాన్ అప్ ఇట్’, బాకీ అయితే ‘ర్యాన్ ఇట్ అప్’. అందుకే ‘పిక్ అప్ ద బుక్’, ‘పిక్ ద బుక్ అప్’ రెండూ చెల్లుతాయి గాని, ‘పిక్ అప్ ఇట్’ చెల్లదు, ‘పిక్ ఇట్ అప్’ అనే అనాలి. వాక్యం చివరి చోటును ఇంగ్లీషు ఊనికతో పలికే కొత్త సమాచారానికి అట్టిపెడుతుంది. ‘ఇట్’ అనేది అప్పటికే తెలిసిన వస్తువుకు మారుపేరు కనుక మధ్యలో సర్దుకోవలసిందే. తెలుగువారికి ఇది కొరుకుడుపడకపోవడానికి కారణం లేకపోలేదు. మన ‘తినేశాడు’లో తినికీ వేశాడుకూ మధ్య కర్మను దూర్చే పద్ధతి లేదు, క్రియలు రెండూ అతుక్కునే ఉంటాయి. కీప్ అప్ విత్, పుట్ అప్ విత్ వంటి మూడు మాటల గుంపుల్లో మాత్రం కర్మ చివరికే పోతుంది, అక్కడ మనకు పేచీ లేదు.

ఊనిక మాట వచ్చింది కనుక ఇంకో సంగతి. మనం రోజూ మాట్లాడే తెలుగులో అప్‌లు కొల్లలు: మేకప్, చెకప్, లాకప్, బ్యాకప్, బ్రేకప్, సెటప్, పికప్, గెటప్, బిల్డప్. ఇవన్నీ మనకు నామవాచకాలుగానే దిగుమతి అయ్యాయి, అందుకే వాటికి మళ్లీ మన క్రియలు తగిలించుకొని మేకప్ వేసుకోవడం, చెకప్ చేయించుకోవడం, బిల్డప్ ఇవ్వడం అంటున్నాం. బిల్డప్ ఇవ్వడమనే మాటకు మనం కల్పించిన ఎకసెక్కపు అర్థం ఇంగ్లీషువాడికి తెలియదు, అది మన సొత్తు. ఇంగ్లీషులో ఇవి నామవాచకాలైతే ఊనిక మొదటి భాగం మీద పడుతుంది, రాతలో మాటలు కలిసిపోతాయి లేదా మధ్యలో చిన్న గీత వస్తుంది. క్రియలైతే రెండు మాటలుగా విడివిడిగా రాసి, సాధారణంగా ‘అప్’ను ఒత్తి పలుకుతారు. ‘ఐ నీడ్ ఎ బ్యాకప్’ అన్నప్పుడు కలిపి రాసినవారు, ‘ఐ విల్ బ్యాక్ ఇట్ అప్’ అన్నప్పుడు ఎందుకు విడగొట్టాలో ఇప్పుడు చెప్పగలరు, ఎందుకంటే మధ్యలో ‘ఇట్’ దూరింది.

మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ‘కోప్ అప్ విత్’. కోప్ వెనక ‘అప్’ లేదు, కోప్ విత్ అంటే చాలు. కీప్ అప్ విత్, క్యాచ్ అప్ విత్, పుట్ అప్ విత్ అని నోరు అలవాటు పడి, అదే రాగంలో దీన్నీ పాడుతోందని నా ఊహ. రెండో పొరపాటు ఫారం ‘ఫిల్ అప్’ చేయడం. ట్యాంకును ఫిల్ అప్ చేస్తారు, దానికి అంచు ఉంది, ద్రవం అంచుదాకా పైకి వస్తుంది. ఫారానికి ఖాళీలున్నాయి, వాటి లోపల రాస్తాం కనుక ఫిల్ ఇన్. ఫారమంతా పూర్తి చేశామనే భావంతో ఫిల్ ఔట్ అనేవారూ ఉన్నారు. ఫిల్ అప్ ఎ ఫారం అంటే ఎవరికీ అర్థం కాకుండా పోదు, కానీ ‘అప్’ ఎక్కడ ఎందుకు వస్తుందో తెలిశాక ఆ ప్రయోగం మీ చెవికే ఎబ్బెట్టుగా తోస్తుంది.

ఫ్రేజల్ వెర్బ్స్ నాటు మాటలనీ, గంభీరమైన రచనలో వాటిని తీసేసి లాటిన్ నుంచి వచ్చిన ఒంటి క్రియలను పెట్టాలనీ ఒక అభిప్రాయం ఉంది. ఓర్చుకోవడం, సహించడం అనే మాటల మధ్య ఉండే తేడాలాంటిదే పుట్ అప్ విత్‌కూ టాలరేట్‌కూ ఉన్న తేడా; సందర్భాన్ని బట్టి ఎంచుకోవాలి. కానీ సెట్ అప్, క్యారీ ఔట్ వంటివి పరిశోధనా పత్రాల్లో నిరభ్యంతరంగా తిరుగుతున్నాయి. అన్నిటినీ ఏరిపారేసి రాసిన ఇంగ్లీషు, అన్నీ తత్సమాలతో రాసిన తెలుగులాగా, ఎక్కడా తప్పు లేకపోయినా ఊపిరాడనట్టు ఉంటుంది.

ఎలా సాధన చేయాలంటారా? నేను చేసేది చెబుతాను. ఒక వారం ఒక్క అవ్యయాన్నే పట్టుకుంటాను. చదివినచోట, విన్నచోట ‘అప్’ దొరికిన ప్రతి వాక్యాన్నీ పూర్తిగా రాసుకొని, కింద తెలుగులో ఆ మాట మనం ఎలా అంటామో అచ్చమైన వాడుకలో రాస్తాను. నిఘంటువు తెలుగు రాయను. ‘ది ఓల్డ్ కీ టర్న్డ్ అప్ ఎట్ లాస్ట్’ అనే వాక్యం కింద ‘కనుగొనబడింది’ అని రాస్తే లాభం లేదు, ‘పాత తాళంచెవి ఎట్టకేలకు బయటపడింది’ అని రాయాలి. ‘టర్న్ అప్ ద వాల్యూమ్’ కింద ‘సౌండ్ పెంచు’, ‘హీ టర్న్డ్ అప్ ఎట్ నైన్’ కింద ‘తొమ్మిదింటికి ఊడిపడ్డాడు’, ‘హీ టర్న్డ్ అప్ హిజ్ స్లీవ్స్’ కింద ‘చొక్కా చేతులు పైకి మడిచాడు’. ఆ తరవాత తెలుగు వాక్యాల్లో ఎత్తు, వేయు, పోవు, పడు, పైకి ఎక్కడెక్కడ వచ్చాయో వాటికింద గీత గీస్తాను. గీతలు పడినచోట ‘అప్’ ఏ పని చేస్తోందో ఇక వివరించనక్కర్లేదు. గీత పడని వాక్యాలకు వెనక ఒక పుట విడిగా అట్టిపెట్టాను. అందులో ఇప్పటికి మిగిలినవాటిలో ఒకటి యాక్ట్ అప్: పిల్లవాడు పేచీ పెట్టినా, యంత్రం మొరాయించినా ఆ మాటే వాడతారు. అచ్చ తెలుగులో దానికి సరిపడే వాక్యం మీలో ఎవరికైనా తట్టితే ముందు అది చెప్పి, తరవాత మీ ప్రశ్నలు అడగండి.